విమానం క్లాసు, నేను తప్పు చదివిన టికెట్

మొన్న ఇద్దరు కొత్త టీచర్లు ఆర్మూర్‌ల మా ఇంటికచ్చిన్రు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరిదీ ఫిజికల్ సైన్సే, పోస్టింగులచ్చి ఇంక నెల గాలే. "మేడం, మీరు విమానాలు వెట్టి పాఠం చెప్పేటోల్లట గదా, ఆ సామాను మాకిస్తరా?" అన్నరు. ఇస్త, ఎందుకియ్య! సజ్జ మీద రెండు అట్టడబ్బాలున్నయి. రిటైరై ఏడాది దాటింది, వాటిని చూసినప్పుడల్లా నాకు కాలు నిలువదు. లేస్త, కూసుంట, మల్ల లేస్త. కని ఉత్తగనే డబ్బాలు చేతులవెట్టి తోలియ్య బుద్ధి కాలే. వాటితోటి నేను చేసిన మంచేందో, చేసిన ఆగమేందో చెప్పే ఇయ్యాలె. ఆ పిల్లలు చాయ్ తాగుతుంటే చెప్దామని రెండుమూడు సార్లు నోరు దెరిచిన, బిస్కెట్లు తినున్రి అని ఊకున్న. అందుకే వాల్లకు ఇయ్యనీకి కాయితం వట్టిన.

ఏ ఊర్ల ఎన్నేండ్లు చేసిన, ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, గివన్నీ సర్వీసు రిజిస్టర్ల ఉన్నయి. గవి మీకు పనికిరావు. నేను ఒక్క పిల్ల ముచ్చట చెప్త, ఆ పిల్ల తండ్రి ముచ్చట చెప్త.

విమానమే ఎందుకు

ఆర్మూర్ నుంచి మోర్తాడ్ పోయే తోవల మా బడి. ఆ ఊర్ల దుబాయ్‌లనో మస్కట్‌లనో ఓ మనిషి లేని ఇల్లు తక్కువ. ఇంటికాడ అవ్వలు, పిల్లల తల్లులు, బీడీలు చేస్తరు, పసుపు చేన్లకు కూలికి పోతరు. నేను ఆ బడికి పోయిన కొత్తల వాతావరణ పీడనం చెప్తుంటే పిల్లలు ఆవులిస్తున్నరు. నాకేమో కోపం ముక్కు మీదనే ఉంటది. ఓ పోరని పుస్తకం గుంజుకున్న, తిట్టుదామని. పేజీల నడుమ గుర్తుకు వెట్టుకున్న బోర్డింగ్ పాస్ కిందవడ్డది. "మా బాపుది టీచర్, పారెయ్యకున్రి" అన్నడు వాడు, కండ్లల్ల నీల్లు వెట్టుకొని.

ఆ దినం పాఠం బంద్ వెట్టి ఆ కాయితం మీదనే గంటసేపు చెప్పిన. విమానం ఎంత ఎత్తుల పోతది, గక్కడ గాలి ఎంత పల్చగుంటది, చెవులెందుకు గుంయ్‌మంటయి, చిప్స్ ప్యాకెట్ ఎందుకు ఉబ్బుతది. ఒక్కడు ఆవులిస్తే ఒట్టు! తెల్లారి సగం క్లాసు ఇండ్లల్లకెల్లి పాత టికెట్లు, సూట్‌కేసులకు అంటిచ్చిన పట్టీలు పట్టుకొచ్చిన్రు.

అప్పటిసంది నా క్లాసంటే విమానం క్లాసే. గోడకు పెద్ద మ్యాపు, శంషాబాద్ కాడ ఒక మొల, అక్కడికెల్లి దోహాకు, మస్కట్‌కు దారాలు. ద్రవ్యరాశి చెప్పాలంటే పసుపు ఏపారి కాడ కాంట అడుక్కొచ్చి, ముప్పై కిలోల సామాను ఎట్ల సర్దాలెనో పిల్లలతోటి చేపిచ్చిన. తొక్కు డబ్బా తీస్తవా, దుప్పటి తీస్తవా అని కొట్లాడేటోల్లు. కాలం లెక్క చెప్పాలంటే, "ఇప్పుడు మీ బాపు ఏం జేస్తుండొచ్చు?" అని అడిగేదాన్ని. దుబాయ్ మనకంటె గంటన్నర ఎనుక. "మా బాపు ఇంక అన్నం తినలే టీచర్" అనేది ఓ పిల్ల. లెక్క కరెక్టే. దానికి మార్కులిచ్చుడు ఎట్లనో నాకు తెల్వకపోయేది.

ఇంకొకటి గూడ ప్రతి ఏడాది చెప్పేదాన్ని. టికెట్ మీద టైము ఇరవై నాలుగు గంటల లెక్కల ఉంటది. మనకు దినం పొద్దువొడిస్తె మొదలైతది, విమానానికి అర్ధరాత్రి సున్నా సున్నా కాడ మొదలైతది. శుక్రవారం సున్నా సున్నా నలభై అని ఉంటే, గురువారం మాపటికే ఇల్లు ఇడిసిపెట్టాలె. శుక్రవారం మాపటికి పోతే ఆ విమానం ఎన్నడో పోయి ఉంటది. బోర్డు మీద గీత గీసి చెప్పేదాన్ని. మా క్లాసు పిల్లలు నిద్రల లేపి అడిగినా చెప్పేటోల్లు.

మెల్లగ ఊరంత నా కాడికి టికెట్లు తెచ్చుడు షురూ అయింది. ఏజెంట్లు ఫోన్ల టికెట్ పంపి చేతులు దులుపుకుంటరు. "విమానం టీచర్ చూసిందా?" అని అడిగేటోల్లు ఒకరినొకరు. నేను చూసి చెప్తే దానికి ఇగ తిరుగులేదు. మస్తు ఖుషీగుండె నాకు. అబద్ధమెందుకు, గర్వంగుండె.

నా క్లాసుల సప్పుడు లేకుండె

మా హెడ్మాస్టర్ మంచోడే. కని ఒక మాటతోటి నన్ను ఖరాబ్ జేసిండు. ఎవరొచ్చినా నా క్లాసు కాడికి తోల్కొచ్చి, "చూడున్రి, సూది పడ్డా ఇనవడ్తది" అనేటోడు. నేను పొంగిపోయేదాన్ని. పిల్లలు పాఠంల మునిగిన్రని అనుకున్న. కొంచెం మునిగిన్రు, ఎక్కువ భయపడ్డరు. అది నాకు తెల్వనీకి సర్వీసు మొత్తం పట్టింది. మీరు జల్దిగ తెలుసుకోన్రి.

ఇగ లావణ్య. సన్నగ, పొడుగ్గ, రెండు జడలు, ఎప్పుడూ రెండో బెంచి. తండ్రి గంగారాం ఆర్మూర్ యార్డుల పసుపు బస్తాలు మోసే హమాలీ, తల్లి రాజమణి బీడీలు చేస్తది. ఆ పిల్ల తొమ్మిదో క్లాసుల ఉన్నప్పుడు నేను విమానం రెక్క గురించి చెప్తున్న. రెక్క పైభాగం వంపుగుంటది, పైన పోయే గాలికి దూరమెక్కువ, కింది గాలితోటి ఒక్కసారే ఎనుకకు చేరాలె, అందుకని ఉరుకుతది, ఉరికితే పీడనం తగ్గుతది, రెక్క లేస్తది. గిట్లనే చెప్తుంటి ఎన్నేండ్లసందో.

లావణ్య లేచింది. "టీచర్, ఫోన్ల చూసిన, కొన్ని విమానాలు బోర్ల తిరిగి గూడ పోతయి గదా. అప్పుడు వంపు కిందికచ్చింది. మరి కిందవడాలె గదా టీచర్?"

నాకు జవాబు తెల్వదు. తెల్వదని చెప్తే అయిపోతుండె. "సిలబస్‌ల లేనియి అడగకు. మస్తు తెలివైనదానివైనవ్, కూసో!" అన్న. క్లాసంత నవ్వింది. కూసున్నది.

మాపటికి ఇంట్ల ఫోన్ల ఎతికిన. నేను చెప్పేది తప్పట. పైగాలి, కిందిగాలి ఒక్కసారే చేరాలన్న కానూనేమీ లేదు. రెక్క కొంచెం ఏటవాలుగ ఉండి గాలిని కిందికి నూకుతది, గాలి రెక్కను మీదికి నూకుతది. బోర్ల తిరిగినా ముక్కు జర పైకి వెడితే అదే పని జరుగుతది. ఆ పిల్ల అడిగిందే అసలు ప్రశ్న. తెల్లారి క్లాసుల చెప్పాలె. చెప్పలే. గ చిన్న పోరి ముంగట ఇజ్జత్ తీసుకుంటనా అనుకున్న. ఇగ చెప్త, అగ చెప్త అని ఏడాది గడిపిన.

గురువారం దావత్

లావణ్య పదికి వచ్చినంక గంగారాంకు దుబాయ్ వీసా వచ్చింది. మొదటిసారి పోవుడు. గోదాముల పని, హమాలీ పనే గని నెల జీతం. ఆ వీసా మీద శనివారం లోపల్నే అక్కడ దిగాలె, లేకుంటే చెల్లదు. బిడ్డను ఇంటర్ సదివిపిస్తనని, ఆర్మూర్‌ల కాలేజీ గూడ చూసి వెట్టుకున్నడు.

టికెట్ వచ్చిన దినం బాపూ బిడ్డా ఇద్దరూ బడికొచ్చిన్రు. నేను అప్పుడే హెడ్మాస్టర్ తోటి పరీక్ష డ్యూటీల మీద లొల్లి వెట్టుకొని వరండాలకు వస్తున్న, మొకమంత మండిపోతున్నది. గంగారాం ఫోన్ ముంగట వెట్టిండు. చూసిన. శుక్రవారం, సున్నా సున్నా నలభై. నా కండ్లు గదే చూసినయి. నా నోరేమో, "శుక్రవారం రాత్రి. మాపటికి బయలెల్లున్రి, నిమ్మళంగ అందుకుంటరు" అన్నది.

"టీచర్..." అన్నది లావణ్య.

"ఏంది?"

"ఏం లేదు టీచర్."

గంతే. నేను పోయిన. నడుసుకుంట పోతనే ఉన్న, ఎనుకకు తిరిగి చూడలే.

గురువారం మాపటికి వాల్లింట్ల దావత్. మా దిక్కు దుబాయ్ పోయేటోడుంటే ఒక దినం ముందు చుట్టాలందరినీ పిలిచి తినవెట్టుడు ఆనవాయితీ. నన్ను గూడ పిలిచిన్రు, పోయిన. మేకను గోసిన్రు. రాజమణి నా పల్లెంల ఒకటికి రెండు సార్లు ఏసింది. లావణ్య గడప కాడ కూసోని గోడ గడియారం చూస్తున్నది, తింటలేదు. "ఏందే, బాపు పోతుండని బుగులా?" అని నెత్తి మీద చెయ్యి వెట్టిన. ఆ పిల్ల నా మొకం దిక్కు చూసింది. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తే నాకు అన్నం దిగదు. మేమంత తిని చేతులు కడుక్కునే యాల్లకు శంషాబాద్‌ల ఆ విమానానికి లైన్ కడ్తున్నరు.

శుక్రవారం వ్యాన్ మాట్లాడుకొని పదిమంది పోయిన్రు. శనివారం పొద్దుగాల వ్యాన్ డ్రైవర్ బస్టాండ్ కాడ నాకు ఎదురైండు. "మేడం, ఫ్లైటు అంతకుముందు రాత్రే పోయిందట. గంగారాం గేటు కాడనే కూలవడ్డడు" అన్నడు. ఇంకో విమానంల సీటు దొరకలే, ఏజెంట్ ఫోన్ ఎత్తలే. శనివారం దాటింది, వీసా పోయింది.

చాయ్ తాగి వచ్చిన

ఆదివారం వాల్లింటికి పోయిన. తిడ్తడనుకున్న. తిట్టినా బాగుండు. గంగారాం లేచి కుర్చీ ఏసిండు. "మీరేం జేస్తరు మేడం, నా తలరాత. మీకు వంద పనులుంటయి" అన్నడు. తర్వాత బిడ్డ దిక్కు తిరిగి, "ఇది సూడున్రి, పది సదువుతది. టికెట్ పట్టుకొని నాల్గు దినాలు తిరిగింది. జర సోయుండాలె గదా! దీన్ని ఇంటర్ సదివిచ్చి ఏం ఫాయిదా? అవ్వతోటి బీడీలు చేసుకోమను" అన్నడు.

లావణ్య తలకాయ వంచుకొని ఆకు కత్తిరిస్తున్నది.

అప్పుడు నేను నోరు దెరవాలె. "గంగారాం, తప్పు నాది, పిల్ల అనవోయింది, నేనే ఇనలే" అనాలె. అనలే. రాజమణి చాయ్ తెచ్చింది, తాగిన. తాగి, "పోనీ, మల్ల వస్తది వీసా" అని లేచి వచ్చిన. టికెట్ తప్పు చదువుడు పొరపాటు, ఎవరికైనా అయితది. ఆ చాయ్ తాగి వచ్చుడు మాత్రం పొరపాటు కాదు. దాన్ని పిరికితనమంటరు.

హెడ్మాస్టర్‌కు చెప్తే, "ఊకోండి మేడం, ఎవ్వలికీ చెప్పకున్రి. ఒక్కపారి తప్పయిందని ఒప్పుకుంటే రేపటిసంది ఊర్ల మన మాట ఎవడింటడు?" అన్నడు. నాకు ఆ మాట ఇంపుగనే అనిపిచ్చింది. మూడు వారాలు గట్లనే ఉన్న. నిద్ర లేదు, బడిల నిలకడ లేదు, చాక్‌పీసు పట్టుకుంటే ఇరుగుతున్నది. లావణ్య బడికొస్తున్నది గని అడిగితే జవాబు లేదు. పరీక్ష ఫీజు కట్టలే, హాల్‌టికెట్ సంగతి అడిగితే, "మా బాపు వద్దన్నడు టీచర్" అన్నది.

అప్పుడు కదిలిన. జర ముందు కదలాలె గదా! పిల్ల పరీక్ష దాకా వస్తె గని కదలలే.

తప్పు నాది

ఆ దినం పదో క్లాసు పిల్లల ముంగట నిలవడి చెప్పిన. రెక్క గురించి తప్పు చెప్పిన, లావణ్య అడిగింది కరెక్టు, కూసోమన్న. టికెట్ తప్పు చదివిన, లావణ్య చెప్పవోతే ఇనలే. ఎవ్వలూ నవ్వలే. ఏం చెయ్యాలెనో వాల్లకు తెల్వక పుస్తకాలు చూసుకున్నరు. నేను, ఇగ అయిపోయింది, బరువు దిగింది అనుకున్న.

గంట కొట్టినంక లావణ్య నా టేబుల్ కాడికచ్చింది. "వీల్లకు చెప్తె ఏమైతది టీచర్?" అన్నది. "మా బాపుకు చెప్పున్రి. ఆయన నన్నంటున్నడు గదా."

ఎంత మాట! ఆ పిల్ల ఎన్నడూ నాతోటి గంత గట్టిగ మాట్లాడలే. నాకు చెంప మీద కొట్టినట్టయింది, అయినా మంచిగనే అయింది. అట్లనే ఆటో ఎక్కి పోయిన. గంగారాం యార్డుకెల్లి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. కుర్చీ ఏస్తుంటే వద్దన్న, కూసోలే. పక్కింటోల్లు గూడ ఉన్నరు, ఉండనీ అనుకున్న.

"గంగారాం, టికెట్ లెక్కన గురువారం మాపటికే పోవాల్సుండె. నేను కోపంల ఉండి తప్పు చెప్పిన. నీ బిడ్డకు తెల్సు. నాకు చెప్పవోయింది. నేను గద్దిచ్చిన. మొన్న నువ్వు నా ముంగట దాన్ని తిడ్తుంటే గూడ చెప్పలే. తప్పు నాది. పిల్లను ఇంకోసారి అనకు."

ఆయన చేతుల చెంబు అట్లనే ఉన్నది. తర్వాత బిడ్డను అడిగిండు, "నీకు తెల్సానే?"

"తెల్సు బాపు."

"మరి నాకన్న చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటుంటివా? టీచర్ చెప్పినంక నా మాట ఇంటుంటివా?"

గంగారాం చెంబు కింద వెట్టిండు. "ఇనకపోతుంటి" అన్నడు. మల్ల నా దిక్కు తిరిగి, "ఇనకపోతుంటి మేడం. టీచర్ కంటె నీకెక్కువ తెల్సా అని రెండు ఏస్తుంటి" అన్నడు. అప్పుడు ఏడ్చింది లావణ్య. మూడు వారాలసంది ఒక్క చుక్క రాల్చని పిల్ల, అవ్వ ఒల్లె మొకం వెట్టి ఏడ్చింది. గంగారాం వాకిట్లకు పోయి నిలవడ్డడు. తెల్లారి ఫీజు కట్టిండు.

మీకు చెప్పేది

డబ్బాలు తీస్కపోన్రి. విమానం వెట్టి చెప్తె పిల్లలు ఇంటరు, ఎందుకంటే వాల్ల బాపులు దాంట్ల పోయిన్రు. గంత దగ్గరి సంగతి పట్టుకున్నప్పుడు మీరు తప్పు చెప్తె దెబ్బ గూడ గంత దగ్గరనే తాకుతది. పాఠం ఎంత మంచిగున్నా, పిల్ల లేచి "గట్ల గాదు టీచర్" అననీకి భయపడితే ఆ పాఠం బేకార్. నా చివరి ఏడాదిల ప్రతి పాఠం అయినంక, "దీంట్ల నేను తప్పు చెప్పిందేంది?" అని అడిగి రెండు నిమిషాలు నిలవడేదాన్ని. మొదట్ల ఎవ్వలూ లేవలే. రెండు నిమిషాలు గంత పొడుగుంటయని నాకు తెల్వదు. ఎనిమిదిల ఒక పోరడు లేచి, దోహాకు దారం తప్పు మొలకు కట్టిన్రు టీచర్ అన్నడు. నిజమే. వాన్ని ఎత్తుకోవాలన్నంత సంబరమైంది. లావణ్య మాత్రం బడి ఇడిసేదాకా లేవలే.

పది పాసైంది, ఆర్మూర్‌ల ఇంటర్‌ల చేరింది. గంగారాం ఆ సీజనంత యార్డుల బస్తాలే మోసిండు. తోవల కనవడితే నమస్తే మేడం అంటడు, నేను తల దించుకుంట.

మొన్న ఎండాకాలం మోర్తాడ్ పోతున్న, ఆటోల ఆ ఊరి ఆడోల్లిద్దరు ఎక్కిన్రు. గంగారాం మస్కట్ పోయి నెలయిందట. నాకు తెల్వదు. ఎవ్వలూ చెప్పలే, టికెట్ చూపియ్యనీకి రాలే. "టికెట్ ఎవరు చదివిన్రు?" అని అడిగిన.

"ఆయన బిడ్డనే మేడం. లావణ్య."

నా పానం లేచొచ్చింది. మంచిగైంది, మంచిగైంది అనుకున్న.

"అయ్యో, దాని ముచ్చట ఇంటే నవ్వొస్తది మేడం" అన్నది రెండో ఆమె. "టైము మంచిగనే చెప్పిందట. కని అందరినీ ఒక దినం ముందుగాల్నే తోల్కపోయి శంషాబాద్‌ల కూసోవెట్టింది. రేపు విమానముంటే ఇయ్యాల పొద్దుగాల్నే పోయిన్రు. బయట చాపేసుకొని, సద్దులు తినుకుంట, దినమంత గాడనే. గంటకోపారి లోపటికి పోయేటోల్లను ఆపి అడిగిందట, ఈ టికెట్ ఇయ్యాల్టిదా, రేపటిదా అని."

ఆటోల అందరు నవ్విన్రు. డ్రైవర్ గూడ నవ్విండు. నేను నవ్వలేకపోయిన. ఆ పిల్లకు టైము చదువ రాక కాదు. తను చదివింది కరెక్టని నమ్ముడు ఇంక రాలే. ఆ నమ్మకం నా క్లాసుల్నే పోయింది.